క్లారా బార్టను జీవిత చరిత్రము

తెల్లని గుడ్డపై ఎఱ్ఱని సిలువ గుర్తును చూడని విద్యార్థి మన పాఠశాలలలో నుండడు. ఆ గుర్తు గల రెడ్ క్రాసు సంఘమును ఐరోపాలో 1863వ సంవత్సరమున నెలకొల్పుటకు కారకుడైనవాడు హెన్రీ డూనాంటు. దానిని అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థాపించిన స్త్రీ క్లారా బార్టను. యుద్ధభూములలో ఆమె చేసిన సేవ లోకవిదితము. మేమును ఆ సంగతులను చెప్పెదము గాని, వానికంటె ముందుగా ఆమె బాల్యములోని ఒక రెండేండ్ల కాలమును గూర్చి కొంత విపులముగా చెప్పదలచితిమి. ఆ రెండేండ్లును ఆ బాలిక మంచము పట్టిన అన్నగారి యొద్ద కూర్చుండి యుండెను. బడి ముఖము చూడలేదు. అట్టి బిడ్డలు ఆ కాలమునందు ఆ దేశముననే గాక, నేడు మన గ్రామములలోను, మన తరగతులలోను గూడ ఉన్నారు. వారు తమ సంగతి నోరు విప్పి చెప్పరు. వారి నిమిత్తమే ఈ చరిత్రమును వ్రాయుటకు పూనుకొంటిమి.

క్లారా 1821వ సంవత్సరము డిశంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడు, మసాచుసెట్సు రాష్ట్రములోని నార్త్ ఆక్స్‌ఫర్డు అను పల్లెయందు జన్మించెను. ఆమె పూర్తి పేరు క్లారిస్సా హార్లో బార్టను. తండ్రి స్టీఫెను బార్టను పూర్వము సైన్యములో పనిచేసినవాడు. పిమ్మట వ్యవసాయము చేసికొనుచుండెను. ఊరివారు అతనిని కెప్టెను అని గౌరవముతో పిలిచెడివారు. తల్లి పేరు సారా. ఆ దంపతులకు క్లారా అయిదవ సంతానము, కడగొట్టు బిడ్డ. పెద్దలైన ఇరువురన్నలకును, ఇరువురక్కలకును ఆమెకును వయస్సులో పదేండ్లకు తక్కువ కాని వ్యత్యాస ముండెను. కావున ఇంటిలో ఆమెతో ఆడుకొను తోటిపిల్ల లెవ్వరును లేరు. అందరును ఆమెకు గురువులే యైరి.

అక్కలిద్దరును ఉపాధ్యాయినులు, వారు చదువు చెప్పిరి. పెద్దన్న స్టీఫెను లెక్కలు నేర్పెను. తండ్రి ఒడిలో కూర్చుండబెట్టుకొని సైన్యముల సంగతులను, యుద్ధముల కథలను చెప్పుచుండెను. చిన్నన్న డేవిడు అయిదేండ్ల ప్రాయముననే ఆమెను గుఱ్ఱముపై నెక్కించి, జూలు పట్టుకొని స్వారిచేయుట నేర్పెను. నాలుగేండ్లైన నిండకమున్నే స్టీఫెను ఆమెను భుజముపై నెక్కించుకొని మంచులో నడచి బడికి తీసికొనిపోయెను. చదువులో ఆమె చుఱుకైనదే గాని మిక్కిలి సిగ్గరి. క్రొత్తవారి యెదుట నోరు పెగలెడిది కాదు. ఎనిమిదేండ్ల ప్రాయమున దూరముననున్న యొక వసతి పాఠశాలకు పంపగా, బెంగపెట్టుకొని చిక్కిపోయినందున తలిదండ్రులు మరల ఇంటికి తెచ్చుకొనిరి.

ఆ యింట వ్యాధి యనునది క్లారాకు క్రొత్త గాదు. ఆమెకు ఆరేండ్లప్పుడే పెద్దక్క డారొథియాకు మతి చలించెను. చదువునం దెంతో ఆసక్తియు, తెలివియు గల ఆమె తరువాతి కాలమంతయు ఇంటనే కాపాడబడవలసినదై, 1846వ సంవత్సరమున మరణించెను. తనకు అక్షరములు దిద్దించిన అక్కగారు తన కన్నులయెదుట అట్లు మారిపోవుట ఆ పసిహృదయమున కెట్లుండెనో మనమూహించుకొనవలసినదే.

క్లారాకు పదునొకండేండ్లు వచ్చినవి. ఆ ప్రాంతమున ఒకనాడు ఊరిలో ధాన్యపు కొట్టమునకు దూలము లెత్తుచుండిరి. ఆ దేశమున అట్టి పనికి ఊరివారందరును కలిసి వచ్చుట ఆచారము. డేవిడు బలశాలి, ధైర్యవంతుడు, అట్టి పనులలో ముందుండువాడు. అతడు కొట్టపు కొనదూలము నెక్కగా, కాలి క్రింది కొయ్య విఱిగి నేలమీద పడెను. మొదట దెబ్బ యేమియు తగులనట్లే కనబడెను. కొలది దినములలో తలనొప్పి పట్టుకొనెను. పిమ్మట జ్వరము వచ్చి విడువదాయెను. వైద్యులు వచ్చిరి. దేహములోని చెడురక్తమును తీసివేసినచో జ్వరము తగ్గునని ఆ కాలపు వైద్యశాస్త్రము చెప్పుచుండెను. అందుచేత వారు రక్తము తీసిరి; జలగలను పట్టించిరి; బొబ్బలెక్కు మందులను వేసిరి. ఇప్పటి వైద్యులకు తెలిసినంతవరకు అట్టి చికిత్స రోగిని మఱింత నీరసింపజేయునే గాని మేలు చేయదు. నెలలు గడచిన కొలదియు డేవిడు క్షీణించి, చేయి యెత్తుటకైన శక్తి లేనివాడాయెను.

అన్న మంచమెక్కిన దినముననే క్లారా అతని గదిలో ప్రవేశించెను. ఎవరు పొమ్మన్నను పోలేదు. వైద్యుడు చెప్పిన మందులను వేళ తప్పక ఇచ్చుట ఆమె పని. పెద్దవారు సైతము ముట్టుటకు జంకెడు జలగలను ఆ చిన్నిచేతులతో పట్టి రోగి దేహమున కంటించుటయు ఆమె పనియే. రోగి తన చేతి మందు తప్ప మఱియొకరి చేతి మందు పుచ్చుకొనడాయెను. ఆమె గదిలో లేనిచో అతనికి నెమ్మది లేకుండెను. ఈ విధముగా రెండేండ్లు గడచినవి. ఆ రెండేండ్లలో తాను అన్న మంచము విడిచి యున్నది ఒక్క అరపూట మాత్రమే యని ఆమె ముసలితనమున తన బాల్యచరిత్రములో వ్రాసికొనెను.

ఇందు చదువరులు గమనింపవలసిన దొకటి కలదు. బడిలో హాజరు పట్టిక యుండును. బిడ్డ రాని దినమున అందులో రాలేదని గుర్తు పెట్టుదురు. ఆ రెండేండ్లును క్లారా పేరు ఏ పట్టికలో నున్నను, ప్రతిదినము అట్టి గుర్తే పడియుండును. అన్న మంచము ప్రక్క ఒక్కనాడైన తప్పక కూర్చున్నందుకు గుర్తు పెట్టు పట్టిక యెక్కడను లేదు. బడికి రాని బిడ్డ లందరును సోమరులు గారు. కొందరు బడిలోని వారికంటె కష్టమైన పని చేయుచు రాలేక యుందురు.

తుదకు బంధుమిత్రుల ప్రోత్సాహమున, ఆవిరి స్నానములతో చికిత్స చేయు వైద్యుని యొద్దకు డేవిడును తీసికొనిపోయిరి. అచట జలగలును, రక్తము తీయుటయు మానిపించగా కొలది వారములలోనే అతడు తేఱుకొనెను. తరువాత పూర్ణారోగ్యవంతుడై బహుకాలము జీవించెను. ఇల్లంతయు సంతోషముతో నిండెను. గాని క్లారా కేమి మిగిలెను? రెండేండ్లు వెలుతురు లేని గదిలో గడపుటచేత దేహమున ఎదుగుదల తగ్గెను. తోటిబాలికలతో మాటలాడుట మఱచెను. మొదటి సిగ్గు రెండింతలాయెను. ఉన్నట్టుండి చేయుటకు పనిలేక, తాను ఎవరికిని అక్కఱలేని దాననను దిగులుతో తిరుగుచుండెను. రోగి లేచి తిరుగగానే ఉపచారము చేసిన బిడ్డ కష్టమును తీరెనని మనమనుకొందుము. అది పొరపాటు. కడచిన కాలము తిరిగి రాదు. వెనుకబడిన పాఠములు తమంతట తాము ముందుకు రావు.

అదృష్టవశమున ఆమెకు మంచి గురువులు దొరకిరి. లూసియను బర్లీ అను ఉపాధ్యాయుడు ఆమె ఆసక్తిని కనిపెట్టి, తరగతి పాఠములకు మించి చరిత్రము, వ్యాకరణము, సాహిత్యము చెప్పెను. పిమ్మట ఆక్స్‌ఫర్డులో జోనాథను డానా యను నతడు రసాయన శాస్త్రము, తత్త్వశాస్త్రము, కొంత లాటిను భాషయు నేర్పెను. ఇవి ఆ బడులలో మామూలుగా చెప్పు పాఠములు గావు. తమ కాలమును కొంత వెచ్చించి ఆ గురువులు చెప్పినవి. వారి పేరులు నేడు లోకమునకు తెలియవు. అయినను వారు ఆ సిగ్గరి బాలికను వెనుక బల్లపై కూర్చుండనిచ్చి ఊరకున్నచో, లోకమునకు క్లారా బార్టను దొరకియుండునా యని మేము సందేహించుచున్నాము.

ఆమె సిగ్గును గూర్చి తల్లి మిక్కిలి చింతించుచుండెను. అప్పుడు వారింట బసచేసిన ఫౌలరు అను నతనిని సలహా యడిగెను. అతడు తలపుఱ్ఱె ఆకారమును బట్టి గుణములు చెప్పు శాస్త్రమందు పేరుపొందినవాడు. ఆ శాస్త్రమును విజ్ఞానులు నేడు త్రోసిపుచ్చినారు గాని, అతడు చెప్పిన సలహా మాత్రము మంచిదాయెను. ఈ బాలిక తన కొఱకు నోరు విప్పదు గాని ఇతరుల కొఱకు నిలబడును, కావున ఒక బడిని ఈమెకు అప్పగింపుడని అతడు చెప్పెను. 1839వ సంవత్సరమున, పదునేడేండ్ల ప్రాయమున, క్లారా ఉపాధ్యాయినిగా మొదటి తరగతి ముందు నిలిచెను. విద్యార్థులు సుమారు నలువదిమంది. వారిలో కొందరు ఆమెకంటె పొడవైన పెంకె కుఱ్ఱవాండ్రు. ఆమె బెత్తము పట్టలేదు. ఆటవేళ వారితో కలిసి ఆడెను. అన్నలతో పెరిగిన పిల్ల గాన బంతి విసరుటలో వారికి తీసిపోలేదు. ఆ యేటికి క్రమశిక్షణయందు ఆ బడికే మంచి పేరు వచ్చెను.

అటుపిమ్మట పదేండ్లకు పైగా ఆమె ఆ ప్రాంతపు బడులలో పనిచేసెను. మగ ఉపాధ్యాయునికి ఇచ్చు జీతమునే తనకును ఇయ్యవలెనని పట్టుపట్టి సాధించెను. ఆమె అన్నల కచట మిల్లులుండెను. ఆ మిల్లులలో పనిచేయువారి బిడ్డలకు సరియైన చదువు లేదని చూచి, వారి నిమిత్తము ఒక పాఠశాలను స్థాపించెను. బడికి రానేరని బిడ్డలను వెదకుకొని పోవుట ఆమెకు అప్పటినుండియు అలవాటు. తాను గూడ ఒకప్పుడు అట్టి బిడ్డయే గదా!

ఇతరులకు చదువు చెప్పుచున్నను, తన చదువు చాలలేదని ఆమె యెఱుగును. 1850వ సంవత్సరపు చివర, ఇరువదితొమ్మిదేండ్ల ప్రాయమున, న్యూయార్కు రాష్ట్రములోని క్లింటను లిబరల్ ఇన్‌స్టిట్యూటులో విద్యార్థినిగా చేరెను. తాను పదేండ్లు ఉపాధ్యాయినిగా నుంటినన్న సంగతిని తోటివారికి చెప్పనేలేదు. అచట నుండగనే 1851 జూలైలో తల్లి మరణించెను. చదువుకొనుటకు వయస్సు మించిపోయినదని నిరాశపడు వారికి ఈ సంగతి ధైర్యము నీయగలదు.

1852వ సంవత్సరమున ఆమె న్యూజెర్సీ రాష్ట్రములోని బోర్డెన్‌టౌను అను పట్టణమునకు పోయెను. అచట వీధుల వెంట పిల్లలు గుంపులుగా తిరుగుచుండిరి. రుసుము చెల్లించువారికే బడులుండెను. ధర్మబడి యన్నచో అది బిచ్చగాండ్ర బడియని పట్టణ ప్రముఖులు చిన్నచూపు చూచుచుండిరి. క్లారా వారియొద్దకు పోయి, మూడు నెలలు జీతము లేకయే పనిచేసెదను, రుసుము లేని బడి తెఱవనిండని కోరెను. ఒక పాత కట్టడములో బడి తెఱచిననాడు వచ్చినవారు ఆర్గురు బాలురు మాత్రమే. కొలది మాసములలో వారి సంఖ్య వందలలోనికి వచ్చెను. పట్టణమువారు సంతోషించి నాలుగువేల డాలర్లతో క్రొత్త పాఠశాల కట్టించిరి. అంతయు సిద్ధమైన పిమ్మట, అంత పెద్ద బడి యొక స్త్రీ చేతిలో నుండరాదని తలచి, ఆమెపై నొక పురుషుని ప్రధానోపాధ్యాయునిగా నియమించి, ఆమె జీతమునకు రెండింతలకు మించిన జీతము నిచ్చిరి. ఆ వేదనచేత ఆమె కంఠము పోయెను. 1854వ సంవత్సరమున ఆమె ఆ పట్టణమును విడిచెను. మరల నెన్నడును బడిలో పనిచేయలేదు.

ఆ యేడే ఆమె వాషింగ్టను నగరమున పేటెంటు కార్యాలయములో గుమాస్తాగా చేరెను. ఆ దేశ ప్రభుత్వపు కొలువులో పురుషులతో సమానమైన జీతము పొందిన మొదటి స్త్రీలలో ఆమె యొకతె. 1861వ సంవత్సరమున అంతర్యుద్ధము పుట్టెను. ఏప్రిలు నెలలో మసాచుసెట్సు ఆరవ పటాలము గాయములతో వాషింగ్టను చేరెను. ఆ సైనికులలో కొందరు ఒకప్పుడు ఆమెయొద్ద చదువుకొనిన పిల్లలే. ఆమె తన యింటనున్న గుడ్డలను, సూదులను, దారమును, తినుబండములను పట్టుకొని వారియొద్దకు పరుగెత్తెను. అది మొదలు నాలుగేండ్లు ఆమె సేవ ఆగలేదు.

యుద్ధరంగమునకు స్త్రీలను పోనియ్యరు. ఆమె అధికారుల చుట్టు తిరిగి 1862 ఆగష్టులో అనుమతి సంపాదించెను. ఆ సెప్టెంబరు 17వ తేదీన ఆంటీటమ్ యొద్ద ఒక్క దినముననే రెండు సైన్యములలోను కలిసి ఇరువదిరెండు వేలమందికి పైగా చచ్చుటయో, గాయపడుటయో, కానరాకుండుటయో జరిగెను. వైద్యులు కట్లు కట్టుటకు గుడ్డలు లేక మొక్కజొన్న ఆకులను వాడుచుండగా ఆమె బండ్లు వచ్చి చేరినవి. ఆమె యొక సైనికుని తల పైకెత్తి నీరు త్రాగించుచుండగా, తుపాకిగుండు ఆమె చేతి అంగీలోగుండ దూరిపోయి ఆ సైనికుని చంపెను. ఆమె లేచి తరువాతి వానియొద్దకు పోయెను. చీకటి పడినంతట తాను తెచ్చిన లాంతరులను వెలిగించి వైద్యులకు వెలుగు చూపెను. రోగిని చూచి జంకకుండుట, వేళ కనిపెట్టుట, నిద్ర లేకయే మెలకువగా నుండుట, ఇవి యన్నియు పదునొకండేండ్ల ప్రాయమున అన్న గదిలో నేర్చుకొనినవి. గుఱ్ఱపుస్వారి నేర్పినవాడును ఆ యన్నయే.

ఈ నడుమ పెద్దన్న స్టీఫెను యుద్ధములో చిక్కుకొని, వ్యాధిగ్రస్తుడై ఆమెయొద్దకు చేరెను. చిన్ననాడు తనను భుజముపై బడికి మోసికొనిపోయిన ఆ యన్నకు ఆమె తుదివఱకు ఉపచారము చేసెను. అతడు 1865 మార్చిలో మరణించెను. యుద్ధము ముగిసిన పిమ్మట, జాడ తెలియని సైనికులను గూర్చి వారి తల్లులును, భార్యలును విలపించుచుండిరి. క్లారా ఒక కార్యాలయము నేర్పఱచి నాలుగేండ్లలో అఱువదిమూడు వేల యుత్తరములకు జాబులు పంపి, ఇరువదిరెండు వేలమందికి పైగా సైనికుల గతిని తెలిసికొని వారి కుటుంబములకు తెలిపెను. ఆండర్సన్‌విల్ చెరలో మరణించిన సుమారు పదుమూడువేల మందిలో మిక్కిలి హెచ్చుమంది సమాధులపై పేరులు వ్రాయబడుటకును ఆమె తోడ్పడెను.

1869వ సంవత్సరమున ఆరోగ్యము చెడి ఆమె ఐరోపాకు పోయెను. జెనీవాలో రెడ్ క్రాసు సంఘమును గూర్చి మొదట వినెను. 1870వ సంవత్సరపు యుద్ధములో స్ట్రాస్‌బర్గు పట్టణమున పాడైపోయిన కుటుంబముల స్త్రీలకు కుట్టుపని కల్పించి కూలి యిప్పించెను. ఊరక దానమిచ్చుటకంటె పని చూపుట మేలని ఆమె తలంపు. స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట ఆమెయే కొన్నియేండ్లు మంచము పట్టెను. జీవితమంతయు ఉపచారము చేసినదానికి అప్పుడు ఇతరుల ఉపచారము కావలసివచ్చెను. కోలుకొని, 1881 మే 21వ తేదీన అమెరికా రెడ్ క్రాసు సంఘమును స్థాపించెను. మఱుసటి యేట ఆ దేశ ప్రభుత్వము జెనీవా ఒడంబడికకు సమ్మతించెను. యుద్ధము లేని కాలమునను వరదలు, తుపానులు, అగ్నిభయములు కలిగినపుడు సంఘము సాయపడవలెనను పద్ధతికి ఆమెయే ముఖ్యకారకురాలు.

1884వ సంవత్సరమున ఒహాయో నదికి వరదలు వచ్చినపుడు, పెన్సిల్వేనియాలోని వాటర్‌ఫర్డు అను ఊరి పిల్లలు ఆర్గురు ఒక చిన్న వినోద ప్రదర్శనము జరిపి, వచ్చిన 51 డాలర్ల 25 సెంట్లను ఆమెకు పంపిరి. ఆమె ఆ సొమ్మును పెద్ద నిధిలో కలుపక విడిగా దాచి, సర్వము కోల్పోయిన యొక తల్లికిని ఆమె పిల్లలకును ఇచ్చెను. పిల్ల లిచ్చినది పిల్లలున్న యింటికే చేరవలెనని ఆమె యుద్దేశము. 1889వ సంవత్సరమున జాన్స్‌టౌను వరదలో రెండువేల రెండువందల మందికి పైగా మరణింపగా, అచట అయిదు నెలలుండి నివాసములు కట్టించెను. 1900వ సంవత్సరమున గాల్వెస్టను తుపానుకు పోవునప్పటికి ఆమె వయస్సు డెబ్బదియెనిమిది. 1904వ సంవత్సరమున సంఘాధ్యక్షత్వము విడిచెను. పనులన్నియు తన చేతిలోనే యుంచుకొనునని, లెక్కలు సరిగా నుంచదని కొందరు ఆమెను విమర్శించిరి. అందు కొంత నిజమును లేకపోలేదు. 1907వ సంవత్సరమున బాలబాలికల నిమిత్తము తన బాల్యకథను ప్రకటించెను. 1912 ఏప్రిలు 12వ తేదీన, తొంబదియేండ్ల ప్రాయమున, మేరీలాండులోని గ్లెన్ ఎకో యందు మరణించి, పుట్టిన యూరిలోనే సమాధి చేయబడెను.

ఈ చరిత్రమును చదివి, రోగిసేవయే బిడ్డకు చాలిన చదువని యెవరైన తలంచినచో మా వ్రాత వ్యర్థమైనట్లే. క్లారా యింట అక్షరాస్యులైన అన్నలు, అక్కలు ఉండిరి. తరువాత కనికరము గల గురువులు దొరకిరి. ఆమె నష్టపోయిన రెండేండ్లను పూడ్చిన వారు వారే. క్షయతో మంచమెక్కిన తండ్రికి మందిచ్చి, పక్షవాతపు అవ్వకు గంజి త్రాగించి, చెల్లెలికి జడవేసి, రెండవ గంట కొట్టిన పిమ్మట తరగతి గుమ్మములో నిలుచు బాలికకు అట్టి అన్నలు లేరు. ఆమెకు మనమే యుండవలెను.

కావున పంతుళ్లకును, పంతులమ్మలకును మా మనవి యిది: ఆలస్యముగా వచ్చిన బిడ్డను నిలువబెట్టి దండించుటకు ముందు, విడిగా పిలిచి యింటి సంగతి యడుగుడు. రాలేని దినములలో పాఠము నొక తోటివిద్యార్థిచేత పంపుడు. పరీక్షకు ముందు ఒక గంట అధికముగా కూర్చుండుడు. తలిదండ్రులారా, ఇంట జబ్బు కలిగినచో దాచక బడికి తెలుపుడు. భారమంతయు ఒక్క బిడ్డపై, అందులోను ఆడబిడ్డపై, వేయక పంచుకొనుడు. మన దేశమున 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము, ఆరు మొదలు పదునాలుగేండ్ల లోపు వయస్సుగల బిడ్డ నడుమ చదువు మానినను, వయస్సుకు తగిన తరగతిలో మరల చేరుటకును, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణము పొందుటకును హక్కు కలదు. ఆ సంగతి తెలియని యిండ్లకు మనము తెలియజేయవలెను.

విద్యార్థులారా, మీ ప్రక్కబల్ల నాలుగు దినములు ఖాళీగా నున్నచో, ఆ పిల్ల యేల రాలేదో విచారింపుడు. మీ నోటుపుస్తకమును ఎరువిండు. ఆ పిల్ల తిరిగి వచ్చిన దినమున నవ్వక చోటిండు. ఇంట రోగి నుంచుకొని ఈ పత్రికను చదువుచున్న బిడ్డలెవరైన నుందురేని, వారితో మేము చెప్పున దొక్కటే: మీరు చేయుచున్నది గొప్ప పని, దానికి సిగ్గుపడకుడు, దానిని మా యొద్ద దాచకుడు. మీ స్థలము తరగతిలో మీ కొఱకే యుండును.